డీఎస్‌పీ డిజైన్‌కు ఏ సాఫ్ట్‌వేర్? గమ్యాన్ని బట్టి ఎంపిక

డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ (డీఎస్‌పీ) వ్యవస్థను చిప్‌లోకి ఎక్కించే ముందు కంప్యూటర్‌లో రూపొందించి, సిమ్యులేట్ చేసి చూసుకోవడానికి మ్యాట్‌ల్యాబ్, గ్నూ ఆక్టేవ్, పైథాన్, గ్నూ రేడియో, సైల్యాబ్ వంటి సాధనాలు ఉన్నాయి. వీటిలో దేన్ని నేర్చుకోవాలో, దేనికి డబ్బు పెట్టాలో తేల్చుకోలేని విద్యార్థులు, ఇంజినీర్లు సాధారణంగా ఫిల్టర్ డిజైన్ ఎందులో తేలికో చూసి నిర్ణయించుకుంటారు. ఆ కొలమానంతో తేలేది చాలా తక్కువ. బటర్‌వర్త్ అనే ప్రసిద్ధ ఫిల్టర్ రకం సూత్రాలు ఏ సాధనంలోనైనా అవే. పార్క్స్, మెక్లెల్లన్ 1972లో ప్రచురించిన ఎఫ్‌ఐఆర్ (ఫీడ్‌బ్యాక్ లేని ఫిల్టర్) డిజైన్ పద్ధతి కూడా దాదాపు అన్నిటిలోనూ సిద్ధంగా దొరుకుతుంది. నిర్దేశాలు ఒకటే అయితే గుణకాలు (ఫిల్టర్ తన శాంపిళ్లను గుణించే సంఖ్యలు) కూడా ఒకటే వస్తాయి. అసలు తేడా ఆ గుణకాలు చేతికి వచ్చాక, వాటిని ఎక్కడికి తీసుకువెళ్తారన్న చోట మొదలవుతుంది.

## ముందుగా చూడవలసిన ప్రమాణాలు

మొదటిది గమ్యం. డిజైన్ చివరికి ఒక ప్రాజెక్టు నివేదికలోని గ్రాఫ్‌గా ముగుస్తుందా, మైక్రోకంట్రోలర్‌లో సి కోడ్‌గా నడుస్తుందా, ఎఫ్‌పీజీఏలో, అంటే లోపలి సర్క్యూట్‌ను మనమే అమర్చుకోగల చిప్‌లో, గేట్లుగా మారుతుందా, యాంటెన్నా నుంచి వచ్చే సిగ్నల్‌పై ప్రత్యక్షంగా పనిచేస్తుందా అన్నది ముందే తేల్చుకోవాలి. మిగిలిన ప్రమాణాలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

రెండోది ఫిక్స్‌డ్ పాయింట్, అంటే బిందువు స్థానం మారకుండా పరిమిత బిట్లలో సంఖ్యలను ఉంచే పద్ధతి. ఇక్కడ కాస్త ఆగి ఒక లెక్క చూడడం అవసరం, ఎందుకంటే సాధనాల మధ్య అతి పెద్ద తేడా ఉన్నది ఇక్కడే. సెకనుకు 500 శాంపిళ్లతో తీసుకున్న ఈసీజీ సిగ్నల్‌లో మన కరెంటు సరఫరా వల్ల చేరే 50 హెర్ట్జ్ రొదను తొలగించడానికి, ఒక్క ఫ్రీక్వెన్సీనే తుడిచేసే రెండో తరగతి (ఆర్డర్) నాచ్ ఫిల్టర్ కావాలనుకుందాం. శాంప్లింగ్ రేటు 500ను పూర్తి వృత్తంగా తీసుకుంటే 50 అంటే 36 డిగ్రీలు కాబట్టి, జీరోలను (ఫిల్టర్ అవుట్‌పుట్ సున్నా అయ్యే చోట్లను) నిర్ణయించే గుణకం 36 డిగ్రీల కొసైన్‌కు రెట్టింపు, అంటే 1.6180. నాచ్ ఎంత ఇరుకో నిర్ణయించే పోల్ వ్యాసార్థం 0.98 తీసుకుంటే మిగిలిన రెండు గుణకాలు 1.5857, 0.9604 అవుతాయి. బిందువు సంఖ్యను బట్టి జరిగే ఫ్లోటింగ్ పాయింట్‌లో ఈ ఫిల్టర్ ఏ సాధనంలోనైనా నిక్షేపంగా పనిచేస్తుంది.

ఇప్పుడు దీన్ని 16 బిట్ల చిప్‌లోకి తీసుకువెళ్దాం. అందులో వాడే క్యూ15 (ఒక గుర్తు బిట్, 15 భిన్నం బిట్లు) రూపంలో ఇమిడే సంఖ్యలు −1 నుంచి 1కి ఒక్క మెట్టు తక్కువ వరకే కనుక 1.6180 అసలు పట్టదు. అన్ని గుణకాలనూ సగం చేసి, చివర ఒక బిట్ జరిపి సరిచేయాలి. అలా చేస్తే నాచ్ స్థానంలో వచ్చే తేడా హెర్ట్జ్‌లో వెయ్యో వంతు కూడా ఉండదు. అదే గుణకాలను 8 బిట్లకు కుదిస్తే 1.6180 కాస్తా 1.625గా మారి, నాచ్ 50 నుంచి సుమారు 49.5 హెర్ట్జ్‌కు జరుగుతుంది. ఈ ఫిల్టర్ పట్టీ వెడల్పు (బ్యాండ్‌విడ్త్) సుమారు 3 హెర్ట్జ్ మాత్రమే కనుక, 50 దగ్గర పూర్తిగా మాయం కావలసిన రొద దాదాపు 12 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది. గుణకాల సంగతి ఇంత. కూడికల్లో పొంగిపొర్లడం (ఓవర్‌ఫ్లో), గుణకారాల తర్వాత కత్తిరింపు వంటివి వేరే చూసుకోవాలి. ఇవన్నీ సాధనం తనంతట తాను చూపిస్తుందా, లేక మీరే రాసుకోవాలా అన్నది మీ పనిదినాలను నిర్ణయించే ప్రశ్న.

మూడోది కాలంతో సాధనానికి ఉన్న సంబంధం. ఫైలులో ఉన్న సిగ్నల్ మొత్తాన్ని ఒకేసారి తీసుకుని లెక్కించడం ఒక పద్ధతి; శాంపిళ్లు వస్తూ ఉండగా బ్లాకు వెంట బ్లాకు నడపడం మరో పద్ధతి. ఫీడ్‌బ్యాక్ ఉన్న వ్యవస్థలకు, ఒకే డిజైన్‌లో రెండు మూడు శాంప్లింగ్ రేట్లు ఉన్నవాటికి రెండో పద్ధతి ఎంతో నయం.

నాలుగోది లైసెన్సు. ధరతో పాటు, కళాశాల విడిచిపెట్టాక కూడా మీ ఫైళ్లు తెరుచుకుంటాయా, ఉత్పత్తిలో ఆ కోడ్‌ను వాడవచ్చా అన్నవి కూడా ఇందులో భాగమే.

| ప్రమాణం | మ్యాట్‌ల్యాబ్, సిమ్యులింక్ | గ్నూ ఆక్టేవ్ | పైథాన్ (నంపై, సైపై) | గ్నూ రేడియో |
|---|---|---|---|---|
| ఫిల్టర్ డిజైన్ | సంపూర్ణం, బొమ్మల యాప్‌తో | సిగ్నల్ ప్యాకేజీతో బాగుంది | చాలా బాగుంది | అవసరమైనంత |
| ఫిక్స్‌డ్ పాయింట్ | అత్యుత్తమం, విడి లైసెన్సు | మీరే రాసుకోవాలి | బయటి ప్యాకేజీలు, కొంత స్వయంకృషి | ప్రధానంగా ఫ్లోటింగ్ పాయింటే |
| బ్లాక్ డయాగ్రమ్ | సిమ్యులింక్ | లేదు | లేదు | ఉంది |
| సి, హెచ్‌డీఎల్ (హార్డ్‌వేర్ వర్ణన భాష) కోడ్ తయారీ | ఉంది, విడి లైసెన్సులు | లేదు | నేరుగా లేదు | లేదు |
| ప్రత్యక్ష రేడియో సిగ్నల్ | హార్డ్‌వేర్ ప్యాకేజీలతో | కాదు | పరిమితం | దీని కోసమే పుట్టింది |
| లైసెన్సు | వాణిజ్య | జీపీఎల్ (పంచితే సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి) | బీఎస్‌డీ (షరతులు తక్కువ) | జీపీఎల్ 3 |

## మ్యాట్‌ల్యాబ్, సిమ్యులింక్

న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో క్లీవ్ మోలర్ తన విద్యార్థుల కోసం ఫోర్‌ట్రాన్‌లో రాసిన మాత్రికల లెక్కల ప్రోగ్రామ్ ఇది. 1984లో మ్యాథ్‌వర్క్స్ సంస్థ ఏర్పడి దీన్ని వాణిజ్య ఉత్పత్తిగా మార్చింది. మన ఇంజినీరింగ్ కళాశాలల డీఎస్‌పీ ల్యాబ్‌లలో ఎక్కువమందికి మొదట పరిచయమయ్యేది కూడా ఇదే. కానీ ల్యాబ్‌లో మనం వాడేది దీనిలో చాలా చిన్న భాగం. కన్వల్యూషన్‌కు, ఎఫ్‌ఎఫ్‌టీకి, చిన్న ఫిల్టర్‌కు మ్యాట్‌ల్యాబ్ తప్పనిసరి కాదు. అంతవరకే పని ఉన్నవారు దానికి డబ్బు పెట్టడం వృథా అని నా అభిప్రాయం.

దీని నిజమైన బలం సిమ్యులింక్, ఫిక్స్‌డ్ పాయింట్ డిజైనర్, కోడ్ తయారుచేసే కోడర్లు కలిసి పనిచేసినప్పుడు బయటపడుతుంది. పైన చెప్పుకున్న నాచ్ ఫిల్టర్‌ను సిమ్యులింక్‌లో బ్లాకులతో గీసి, ఒక్కో తీగకు ఎన్ని బిట్లో నిర్దేశిస్తే, ఆ డేటా రకాలు మోడల్ అంతటా ఎలా ప్రవహిస్తాయో అది చూపిస్తుంది. సిమ్యులేషన్‌లో ప్రతి చోటా వచ్చిన కనిష్ఠ, గరిష్ఠ విలువలను నమోదు చేసి, ఎక్కడ పొంగిందో చెబుతుంది. వాటి ఆధారంగా బిట్ల పొడవు కూడా సూచిస్తుంది. అక్కడి నుంచి ఎంబెడెడ్ కోడర్ సి కోడ్‌ను, హెచ్‌డీఎల్ కోడర్ వెరిలాగ్‌ను లేదా వీహెచ్‌డీఎల్‌ను తయారుచేస్తాయి. మోడల్‌కూ చిప్‌కూ మధ్య ఎవరో ఒకరు చేత్తో తిరగరాసే దశ లేకపోవడం వల్ల తగ్గే తప్పుల విలువ పెద్ద ప్రాజెక్టుల్లోనే తెలుస్తుంది. ఏఎమ్‌డీ ఎఫ్‌పీజీఏల కోసం ఉన్న వైటిస్ మోడల్ కంపోజర్ కూడా సిమ్యులింక్ మీదే నడుస్తుంది కనుక, ఆ దారిలో వెళ్లదలచినవారికి మ్యాట్‌ల్యాబ్ లేకుండా గడవదు.

ఇబ్బంది అంతా విడిగా కొనవలసిన టూల్‌బాక్సుల (అదనపు ప్యాకేజీల) గొలుసులో ఉంది. డీఎస్‌పీ సిస్టమ్ టూల్‌బాక్స్ కావాలంటే సిగ్నల్ ప్రాసెసింగ్ టూల్‌బాక్స్ ఉండాలి. హెచ్‌డీఎల్ కోడర్ కావాలంటే మ్యాట్‌ల్యాబ్ కోడర్, ఫిక్స్‌డ్ పాయింట్ డిజైనర్ రెండూ ఉండాలి. మూల ప్యాకేజీ ధర చూసి బడ్జెట్ వేసుకున్న చిన్న సంస్థ చివరికి దానికి ఎన్నో రెట్లు చెల్లించవలసి రావచ్చు. కొటేషన్ అడిగేటప్పుడే మీకు కావలసిన చివరి కోడ్ ఏమిటో చెప్పి, దానికి అవసరమైన గొలుసు మొత్తానికి ధర అడగడం మంచిది. విద్యార్థి లైసెన్సు, హోమ్ లైసెన్సు వాణిజ్య పనులకు చెల్లవన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇంట్లో మొదలుపెట్టిన చిన్న ఉత్పత్తికి మొదటి కొనుగోలుదారు దొరికిన రోజున ఈ నిబంధన ఎదురుపడుతుంది.

## గ్నూ ఆక్టేవ్

జాన్ ఈటన్ 1992లో రాయడం మొదలుపెట్టిన ఈ ఉచిత సాధనం మ్యాట్‌ల్యాబ్ భాషనే చాలావరకు అర్థం చేసుకుంటుంది. సిగ్నల్ ప్యాకేజీని విడిగా స్థాపించి, ప్రతిసారీ దాన్ని లోడ్ చేసే ఆదేశం ఇస్తే ఫిల్టర్ డిజైన్, స్పెక్ట్రమ్ విశ్లేషణ వంటి పాఠ్యపుస్తక స్థాయి పనులన్నీ సాగిపోతాయి. ల్యాబ్ రికార్డులోని ప్రోగ్రాములను ఇంట్లో మళ్లీ నడిపి చూసుకోవాలనుకునే విద్యార్థికి ఇంతకంటే తేలికైన దారి లేదు.

అయితే దీన్ని మ్యాట్‌ల్యాబ్‌కు పూర్తి ప్రత్యామ్నాయంగా భావించి పెద్ద పని మొదలుపెట్టకూడదు. సిమ్యులింక్ మోడళ్లు ఇందులో తెరుచుకోవు, ఫిక్స్‌డ్ పాయింట్ డిజైనర్‌కు సాటివచ్చేది లేదు, లూప్‌లు బాగా నెమ్మదిగా నడుస్తాయి. శాంపిల్ వెంట శాంపిల్‌గా లెక్కిస్తూ తన గుణకాలను తానే సవరించుకునే అడాప్టివ్ ఫిల్టర్‌ను, ఉదాహరణకు ఎల్‌ఎమ్‌ఎస్‌ను, పొడవైన సిగ్నల్ మీద నడిపితే ఆ నెమ్మది స్పష్టంగా తెలుస్తుంది. మ్యాట్‌ల్యాబ్ వాడే సహచరుడు డేటా పంపేటప్పుడు మ్యాట్ ఫైలు 7.3 రూపంలో కాక పాత 7 రూపంలో భద్రపరచమని అడగండి. కొత్త రూపంతో ఆక్టేవ్‌కు చిక్కులున్నాయి, సైపైలో ఉండే మామూలు లోడర్ అయితే దాన్ని అసలు చదవదు.

## పైథాన్: నంపై, సైపై

ఈ రంగంలోకి ఈరోజు కొత్తగా అడుగుపెడుతూ, ఏ సంస్థ లైసెన్సూ చేతిలో లేనివారికి నేను ముందుగా సూచించేది పైథానే. నంపై, సైపై దానికి ఉన్న లెక్కల గ్రంథాలయాలు (లైబ్రరీలు, అంటే సిద్ధంగా ఉన్న కోడ్ సముదాయాలు). సైపై సిగ్నల్ మాడ్యూల్‌లో ఫిల్టర్ డిజైన్, సెక్షన్లుగా విడగొట్టిన ఐఐఆర్ (ఫీడ్‌బ్యాక్ ఉన్న) ఫిల్టరింగ్, రీశాంప్లింగ్, స్పెక్ట్రోగ్రామ్ అన్నీ ఉన్నాయి. అదే భాషలో మెషిన్ లెర్నింగ్ గ్రంథాలయాలు, టెస్టింగ్ సాధనాలు, సీరియల్ పోర్టు నుంచి డేటా చదివే సదుపాయం కూడా దొరుకుతాయి. బీఎస్‌డీ లైసెన్సు కనుక ఉత్పత్తిలో వాడుకోవడానికీ అడ్డంకి లేదు. బొమ్మలు చూస్తూ ఫిల్టర్ డిజైన్ చేయాలనుకునేవారికి పైఎఫ్‌డీఏ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అందులో ఫిక్స్‌డ్ పాయింట్ ప్రభావాలను కూడా కొంతవరకు చూడవచ్చు.

జాగ్రత్త పడవలసినది పూర్ణాంకాల దగ్గర. నంపైలో 16 బిట్ల శ్రేణుల్లో 30000కు 10000 కలిపితే ఏ హెచ్చరికా లేకుండా −25536 వస్తుంది. సిగ్నల్ ప్రాసెసింగ్ కోసం చేసిన చిప్‌లు, గ్రంథాలయాలు అదే కూడికకు చాలాసార్లు 32767 దగ్గర ఆగిపోయేలా ఏర్పాటు చేసి ఉంటాయి. కాబట్టి పూర్ణాంక రకం వాడినంత మాత్రాన చిప్‌ను అనుకరించినట్టు కాదు. ఆగిపోవడం, గుండ్రం చేయడం, అక్యుమ్యులేటర్ (కూడికలు పోగయ్యే రిజిస్టర్) వెడల్పు మీరే రాయాలి. ఆర్మ్ మైక్రోకంట్రోలర్లు లక్ష్యమైతే మాత్రం ఒక మంచి వెసులుబాటు ఉంది: ఆర్మ్ ఇచ్చే సీఎమ్‌సిస్ డీఎస్‌పీ గ్రంథాలయానికి పైథాన్ రూపం కూడా ఉంది కనుక, చిప్‌లో నడవబోయే క్యూ15 ఫంక్షన్లనే కంప్యూటర్‌లో పిలిచి చూసుకోవచ్చు. ఎఫ్‌పీజీఏ వైపు వెళ్లేవారు వెరిలాగ్‌ను చేత్తో రాసుకుని, కోకోటీబీ అనే పరీక్షా సాధనం సహాయంతో పైథాన్ మోడల్‌తోనే దాన్ని పరీక్షించవచ్చు. మనుషుల సమయం ఎక్కువ పడుతుంది, లైసెన్సు ఖర్చు ఉండదు. చిన్న బృందానికి ఇది న్యాయమైన బేరమే.

మ్యాట్‌ల్యాబ్ నుంచి పైథాన్‌కు మారేవారిని కొన్ని చిన్న తేడాలు బాగా ఏడిపిస్తాయి. విండో పద్ధతి ఎఫ్‌ఐఆర్ ఫంక్షన్‌కు మ్యాట్‌ల్యాబ్‌లో ఫిల్టర్ తరగతి ఇస్తాం, సైపైలో ట్యాపుల (గుణకాల) సంఖ్య ఇస్తాం; అక్కడ 50 అంటే 51 ట్యాపులు, ఇక్కడ 50 అంటే 50 ట్యాపులే. హై పాస్ ఫిల్టర్‌కు సరిసంఖ్య ట్యాపులు పనికిరావు కాబట్టి మ్యాట్‌ల్యాబ్ తనంతట తాను ఒకటి పెంచుకుంటుంది, సైపై తప్పు చూపి ఆగిపోతుంది. అంతకంటే ప్రమాదకరమైనది ఫ్రీక్వెన్సీ కొలమానం: సైపైలోనే విండో పద్ధతి ఫంక్షన్ నైక్విస్ట్‌ను (శాంప్లింగ్ రేటులో సగాన్ని) 1గా భావిస్తే, పార్క్స్, మెక్లెల్లన్ పద్ధతి వాడే రెమెజ్ ఫంక్షన్ శాంప్లింగ్ రేటును 1గా భావిస్తుంది. ప్రతి పిలుపులోనూ శాంప్లింగ్ రేటును స్పష్టంగా ఇచ్చి, అంచులను హెర్ట్జ్‌లోనే రాస్తే ఈ గొడవ ఉండదు.

## గ్నూ రేడియో

ఎరిక్ బ్లాసమ్ 2001లో మొదలుపెట్టిన గ్నూ రేడియో మిగతావాటికి భిన్నమైనది. ఇందులో బ్లాకులను తీగలతో కలిపి ఫ్లోగ్రాఫ్ గీస్తాం. లోపల సి++ లో రాసిన బ్లాకులు శాంపిళ్లను ప్రవాహంగా నడిపిస్తాయి. ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ అనే చిన్న రేడియో రిసీవర్ డాంగిల్ ఒకటి కంప్యూటర్‌కు తగిలిస్తే 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ ఎఫ్‌ఎమ్ బ్యాండ్‌ను పట్టుకుని, డెసిమేషన్ (శాంప్లింగ్ రేటు తగ్గించడం), డీమాడ్యులేషన్, ఆడియో ఫిల్టరింగ్ అన్నీ కళ్లముందు నడుస్తుండగా చూడవచ్చు. శాంప్లింగ్ రేటు సెకనుకు 24 లక్షల నుంచి 48 వేలకు ఎలా దిగుతుందో పాఠ్యపుస్తకం చదివి తెలుసుకోవడం ఒకటి, ఫిల్టర్ తీసేస్తే పక్క స్టేషన్ ముడుచుకువచ్చి మన స్టేషన్ మీద పడడం చెవితో వినడం మరొకటి. ఇలా ముడుచుకురావడమే ఎలియాసింగ్; దాన్ని నేర్పడానికి ఇంతకంటే మంచి పరికరం నాకు తెలియదు.

హార్డ్‌వేర్ లేకుండా కేవలం సిమ్యులేషన్‌గా నడిపితే, వేగాన్ని అదుపుచేసే థ్రాటిల్ బ్లాకు పెట్టకపోతే ఫ్లోగ్రాఫ్ ప్రాసెసర్‌ను మొత్తం మింగేస్తుంది. ఫిక్స్‌డ్ పాయింట్ అధ్యయనానికి ఇది సరిపడదు. బఫర్ల వల్ల ఆలస్యం కచ్చితంగా ఇంత అని చెప్పలేం కనుక, బిగుతైన ఫీడ్‌బ్యాక్ లూప్‌ను బ్లాకుల మధ్య కట్టడం కుదరదు. దాన్ని ఒకే బ్లాకు లోపల రాయాలి. దీని మీద కట్టిన ప్రోగ్రామ్‌ను ఇతరులకు పంపిణీ చేస్తే జీపీఎల్ షరతులు వర్తిస్తాయి. సిగ్నల్ స్వీకరించడంతో ఆగక ప్రసారం కూడా చేయదలచినవారు ముందుగా వైర్‌లెస్ లైసెన్సు నిబంధనలు చూసుకోవాలి.

## మిగిలినవి, క్లుప్తంగా

ఫ్రాన్స్‌లో పుట్టిన సైల్యాబ్ ఉచితం. దానితో వచ్చే ఎక్స్‌కాస్ బ్లాక్ డయాగ్రమ్ సాధనం కంట్రోల్ వ్యవస్థలకు బాగుంటుంది గానీ డీఎస్‌పీ ఫంక్షన్లు పరిమితం. ఐఐటీ బాంబే ఫాసీ ప్రాజెక్టు దీన్ని మన దేశంలో ప్రోత్సహిస్తోంది, అదే సంస్థ స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగుతో సహా భారతీయ భాషల్లో ఉన్నాయి. ల్యాబ్‌వ్యూ ప్రాణమంతా కొలత పరికరాల్లో ఉంది. నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ కార్డులు ఇప్పటికే ఉన్న ప్రయోగశాలకు తప్ప కేవలం డీఎస్‌పీ కోసం దాన్ని ఎంచుకోనవసరం లేదు. ఆడియో ఎఫెక్టులు మాత్రమే చేసేవారు ఫౌస్ట్ భాషను ఒకసారి చూడాలి. అది సిగ్నల్ ప్రాసెసింగ్ వర్ణనను నేరుగా సి++ గా మార్చి ఇస్తుంది.

## ఎవరికి ఏది

బీటెక్ విద్యార్థి కళాశాల లైసెన్సు ఉన్నంతకాలం మ్యాట్‌ల్యాబ్ వాడుకోవాలి. దానిలో నేర్చుకోవలసినది సాధారణ ఫంక్షన్లు కాదు, సిమ్యులింక్, ఫిక్స్‌డ్ పాయింట్ డిజైనర్. బయటికి వచ్చాక అవి ఉచితంగా దొరకవు, మామూలు ఫంక్షన్లు ఎక్కడైనా దొరుకుతాయి. సమాంతరంగా పైథాన్‌లో అదే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును తిరిగి రాసిపెట్టుకుంటే, లైసెన్సు ముగిసిన తర్వాత కూడా చూపించడానికి నడిచే పని ఒకటి చేతిలో ఉంటుంది.

మైక్రోకంట్రోలర్‌పై పనిచేసే ఇంజినీరుకు పైథాన్, చిప్ తయారీదారు గ్రంథాలయం చాలు. ఎఫ్‌పీజీఏ బృందం విషయంలో నిర్ణయం అంత తేలిక కాదు: డిజైన్ తరచూ మారుతూ, ఆల్గారిథమ్ రాసేవారు ఒకరు, హార్డ్‌వేర్ రాసేవారు మరొకరు అయినప్పుడు సిమ్యులింక్ దారి ఖర్చుకు తగిన ఫలితమే ఇస్తుంది, ఇద్దరి పనీ ఒక్కరే చేసే చోట, బ్లాకులు నాలుగైదుకు మించని డిజైన్‌కు ఆ ఖర్చు సమర్థనీయం కాదు. విమానయానం, వైద్య పరికరాల వంటి రంగాల్లో ధ్రువీకరణ పత్రాలు సమర్పించవలసినవారు మాత్రం ధర సంగతి పక్కనపెట్టి, ఖాతాదారు ఏ సాధనాన్ని అంగీకరిస్తాడో ముందుగా కనుక్కోవాలి. పరిశోధకులు ఎవరితో కోడ్ పంచుకుంటారో వారి సాధనమే వాడడం మేలు. రేడియో మీద ఆసక్తి ఉన్నవారికి గ్నూ రేడియో గురించి మళ్లీ చెప్పనక్కరలేదు.

## రెండు సాధనాలు కలిపి వాడేటప్పుడు

ఆచరణలో చాలామంది ఒకదానిలో డిజైన్ చేసి మరొకదానిలో అమలు చేస్తారు, తప్పులు ఎక్కువగా దొర్లేది ఆ సరిహద్దు దగ్గరే. మ్యాట్‌ల్యాబ్, సైపై ఇచ్చే ఐఐఆర్ గుణకాల్లో హారంలోని వాటిని సీఎమ్‌సిస్ డీఎస్‌పీకి ఇచ్చే ముందు గుర్తు మార్చాలి. దాని క్యూ15 బైక్వాడ్‌లో (రెండో తరగతి సెక్షన్‌లో) మొదటి గుణకం తర్వాత ఒక సున్నా కూడా చేర్చాలి. ఇది మరిచిపోతే మన నాచ్ ఫిల్టర్ పోల్స్ వేరే చోటికి వెళ్లిపోతాయి. రెండు వైపులా ఫిల్టర్ చేసే ఫిల్ట్‌ఫిల్ట్ ఫంక్షన్ సిగ్నల్ అంచులను పొడిగించే నిడివి మ్యాట్‌ల్యాబ్‌లో ఒకలా, సైపైలో మరోలా ఉంటుంది కనుక, మొదటి, చివరి కొద్ది శాంపిళ్లు కలవకపోతే కంగారుపడనవసరం లేదు.

ఎక్కువ తరగతి ఐఐఆర్‌లను ఒకే పెద్ద భిన్నంగా కాక రెండో తరగతి సెక్షన్లుగానే తరలించాలి. 8000 హెర్ట్జ్ రేటు వద్ద 5 హెర్ట్జ్ కటాఫ్ ఉన్న ఎనిమిదో తరగతి బటర్‌వర్త్‌ను ఒకే భిన్నంగా రాస్తే, డబుల్ ప్రెసిషన్‌లో కూడా పోల్స్ తమ చోట నిలవవు. ఇది ఏ సాధనంలోనైనా జరిగేదే, కాబట్టి దీన్ని చూసి సాధనం మార్చడం అనవసరం. గుణకాలను తెర మీద నుంచి కాపీ చేయకుండా ఫైలులోకి 17 అంకెలతో రాయించాలి. మ్యాట్‌ల్యాబ్ మామూలుగా తెర మీద చూపేది దశాంశం తర్వాత నాలుగు అంకెలే. ఇరుకైన ఫిల్టర్‌ను ఆ నాలుగు అంకెలతో తిరిగి కడితే అది అస్థిరంగా మారే అవకాశం ఎక్కువ. గుణకాలతో పాటు ఒక ఇంపల్స్‌కు (ఒక్క శాంపిల్ తప్ప మిగిలినవన్నీ సున్నా అయిన సిగ్నల్‌కు), ఒక యాదృచ్ఛిక సిగ్నల్‌కు మొదటి సాధనం ఇచ్చిన అవుట్‌పుట్‌ను కూడా ఫైలుగా భద్రపరచి, రెండో సాధనంలోనూ చివరికి చిప్‌లోనూ అదే ఇన్‌పుట్ ఇచ్చి పోల్చి చూసుకోవాలి. ఫ్లోటింగ్ పాయింట్‌లో తేడా చివరి అంకెల్లో మాత్రమే ఉండాలి. ఫిక్స్‌డ్ పాయింట్‌లో ఒక్క బిట్ తేడా కూడా ఎందుకు వచ్చిందో తెలిసేదాకా ముందుకు వెళ్లకూడదు.